బొగ్గు అని చెప్పాను

మా తోడికోడలు పోయి పద్నాలుగు నెలలయింది. సంవత్సరీకం అయ్యాక ఆమె గురించి రాద్దామనుకున్నాను. అది అయ్యాక కూడా రెండు నెలలు కాగితం ముందు కూర్చోలేదు. ఆమె మంచితనం గురించి రాయడం సులువు. అది అందరికీ తెలుసు. నేను రాయవలసింది వేరే ఉంది. ఒక పొద్దున మా మేడమీద ఒక అధికారి ఆమెను ఒక ప్రశ్న అడిగింది. ఆమె జవాబు చెప్పబోతుంటే నేను మధ్యలో దూరి ఇంకో జవాబు చెప్పాను. నేను చెప్పింది అబద్ధం.

ఆమెను నేను అక్కా అని పిలిచేదాన్ని. మా ఇల్లు ఛత్తీస్‌గఢ్‌లోని బీర్‌గావ్‌లో, ఉర్లా ఫ్యాక్టరీలకు దగ్గర. కింద రెండు గదులు అక్కా వాళ్లవి, పైన రెండు గదులు మావి, ఆ పైన మేడ అందరిదీ. మా మామగారు శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి, సర్వీసులో ఉండగానే పోయారట. ఆయన ఉద్యోగం ఇద్దరు కొడుకుల్లో ఒకరికే వస్తుంది. పెద్దాయన పదో తరగతి తప్పారు. అందుకని చిన్నాయనకు, అంటే నా భర్తకు, ఇచ్చారు. పెద్దాయన, మా బావగారు, ఉర్లాలో ఒక ఇనుము ఫ్యాక్టరీలో ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు, కింద కొలిమి దగ్గర పనికి కుదిరారు.

ఒకే కంచంలో తిని పెరిగిన అన్నదమ్ములు. మా ఆయనకు జ్వరం వస్తే రైల్వే ఆసుపత్రి. బావగారికి జ్వరం వస్తే ఆ రోజు కూలి పోతుంది. మా ఆయన ఉద్యోగం అరవై ఏళ్లు వచ్చేదాకా ఆయనదే. బావగారి గేటు పాసు మీద నెలనెలా కొత్త ముద్ర పడాలి. పడకపోతే ఎందుకు పడలేదని అడగడానికి ఎవరూ ఉండరు. ఈ తేడా గురించి ఇంట్లో ఎవరం మాట్లాడేవాళ్లం కాదు. నేను ఒక బళ్లో లైబ్రరీ చూసుకునేదాన్ని. మాకు రెండు జీతాలు. పండక్కి చీరలు కొనేటప్పుడు అక్కకూ నాకూ ఒకే ఖరీదువి కొనేదాన్ని. అంతటితో నా బాధ్యత తీరిందనుకునేదాన్ని.

రాష్ట్రం కొత్తగా ఏర్పడిన ఏడెనిమిదేళ్లకు మా వీధి ఆడవాళ్లు ఒక మహిళా సమూహం పెట్టుకున్నారు. పదకొండుమంది. నలుగురు మా తెలుగువాళ్లు, ఏడుగురు ఛత్తీస్‌గఢీ వాళ్లు. అందరి భర్తలూ ఉర్లాలోనే పని. అక్క అధ్యక్షురాలు. నేను సభ్యురాలిని కాదు, జీతం ఉన్నదాన్ని కాబట్టి చేర్చుకోకూడదు. కానీ హిందీలో దరఖాస్తులు రాసేది నేనే, కార్యాలయాలకు తోడు వెళ్లేదీ నేనే.

వాళ్లు చేసేది గుమ్మడి వడియాలు. బూడిద గుమ్మడికాయను ఇక్కడివాళ్లు రఖియా అంటారు, వడియాన్ని బడీ అంటారు. మేం ముక్కలు కోసి చేస్తాం, వాళ్లు తురిమి చేస్తారు. మేం నూనెలో వేయించుకుంటాం, వాళ్లు బంగాళాదుంపతో కూర వండుతారు. ఏది అసలైన పద్ధతి అని మొదటి నెలంతా పోట్లాట. చివరికి సగం ముక్కలు, సగం తురుము కలిపి ఒక కొత్త రకం తయారైంది. అది రెండిటికంటే బాగుండేది. అక్క మాత్రం చివరిదాకా ఒప్పుకోలేదు.

గుమ్మడికాయకు మొదటి గాటు ఆడది పెట్టకూడదని మావాళ్ల పట్టింపు. ఛత్తీస్‌గఢీ వాళ్లకూ ఇదే పట్టింపు ఉందని మాకు అప్పుడే తెలిసింది. పదకొండుమంది ఆడవాళ్లు, ఎదురుగా వరసగా కాయలు, పక్కన కత్తిపీటలు. అన్నీ సిద్ధం, మగవాడు తప్ప. బావగారు షిఫ్టు దిగి వచ్చి, సైకిలు గోడకు ఆనించి, కాళ్లు కడుక్కుని మేడ ఎక్కేవారు. ఒక్కో కాయకూ ఒక్కో గాటు పెట్టేవారు.

"అయిపోనాదా నా డ్యూటీ?" అనేవారు.

"మగోడి పని ఎప్పుడూ అంతే కదేటి," అనేది అక్క. "గాటెట్టి ఎల్లిపోడం. మిగిల్దంతా ఆడోళ్లదే."

తెలుగు రాని వాళ్లు నా వైపు చూసేవాళ్లు. నేను హిందీలో చెప్పేదాన్ని. పక్క వీధి నుంచి వచ్చే ఒక ఛత్తీస్‌గఢీ ఆవిడ, అందరికంటే చిన్నది, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది. బావగారు మెట్లు దిగిపోయేవారు.

కష్టమంతా ధూళితోనే. మా దగ్గర ధూళి మట్టి రంగులో ఉండదు. నల్లగా ఉంటుంది, వేళ్ల మధ్య రాస్తే జిడ్డుగా ఉండి, కిటికీ వైపు తిప్పితే మెరుస్తుంది. పొద్దున మేడ తుడిస్తే బకెట్టు నీళ్లు సిరాలా అయ్యేవి. ఉతికిన తెల్ల చొక్కా దండెం మీద రెండు గంటలుంటే చాలు. ఇంక వడియం సంగతి చెప్పాలా. పిండి తడిగా ఉన్నంతసేపూ పడిన ప్రతి రేణువూ అతుక్కుంటుంది. పైన పాత చీరలు కప్పితే గాలి ఆడక బూజు పట్టేది. గదిలో ఆరబెడితే పులిసిపోయేది. బావగారు ఎక్కడో పాడైన స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతం తెచ్చిచ్చారు. ఎండిన వడియాల మీద దాన్ని తిప్పితే దాని చుట్టూ నల్లటి నూగు లేచి నిలబడేది. ఇద్దరు ఆడవాళ్లకు అదే పని. బియ్యంలో రాళ్లు ఏరినట్టు వడియాల్లోంచి ఇనుము ఏరేవాళ్లు.

"మాయింటాయన పగలంతా ఇనుము సేస్తాడు, నాను పగలంతా ఇనుము ఏర్తాను," అనేది అక్క. "మా ఇద్దరికీ కలిపి ఒక జీతం ఇచ్చినా బాగుణ్ణు."

జిల్లా కార్యాలయం వాళ్లు మహిళా సమూహాల సరుకు అమ్మడానికి నగరంలో ఒక దుకాణం తెరిచారు. దానికి ఏడాది పొడుగునా వడియాలు ఇచ్చే సమూహం ఒకటి కావాలి. అక్క వాళ్ల వడియాలు రుచి చూసి బాగున్నాయన్నారు. ఇంక మిగిలింది తయారుచేసే చోటు చూడటం. అది కుదిరితే పదకొండుమందికీ ఇంట్లోనే ఏడాదంతా పని. ముగ్గురు ఫ్యాక్టరీ వెనక బొగ్గు పెళ్లలు ఏరే పనికి వెళ్తుండేవాళ్లు. వాళ్లు అది మానుకోవచ్చు. ఆ ముగ్గురిలో ఒకామెకు అప్పుడు ఐదో నెల. కాబట్టి తనిఖీ ఎప్పుడు వస్తుందా అని ఆ రోజుల్లో అందరికీ ఒకటే బెంగ. అక్క రోజుకు మూడుసార్లు మేడ కడిగించేది. నేను బళ్లో కూర్చుని, ఆకాశం ఎలా ఉందా అని కిటికీలోంచి చూసేదాన్ని.

ఆ కార్యాలయం గోడమీద సమావేశీ వికాస్ అని పెద్ద అక్షరాలతో రాసి ఉండేది. తెలుగులో సమ్మిళిత అభివృద్ధి అంటారు. దాని గురించి మా లైబ్రరీలో రెండు పుస్తకాలుంటే రెండూ చదివాను. ఎదుగుదలలో అందరికీ చోటుండాలి అన్నది వాటి సారాంశం. చోటు కోసం నిలబడ్డవాళ్లకు కడుపులో ఎలా ఉంటుందో వాటిలో లేదు.

అధికారి చెప్పకుండా వచ్చింది. అనుకున్నదానికి వారం ముందు. వడియాలు పెట్టి రెండో రోజు, ఇంకా సగం పచ్చిగా ఉన్నాయి. ఆ వేకువన గాలి మావైపు తిరిగింది. ఆ రోజు నాకు సెలవు, మేడమీదే ఉన్నాను. గుడ్డల మీద సన్నగా నల్లటి పొర కనిపిస్తోంది. అక్క చీర కొంగుతో విసురుతూ ఒక చివర నుంచి ఇంకో చివరకు తిరుగుతోంది. అప్పుడే మెట్ల మీద చెప్పుల చప్పుడయింది.

ఆమె కఠినమైన మనిషి కాదు. వయసులో నాకంటే చిన్నది. మంచినీళ్లు అడిగి తాగింది, అందరినీ పలకరించింది. వంగి ఒక వడియాన్ని వేలితో రాసింది. వేలు చూసుకుంది.

"ఈ నలుపేమిటి?" అని హిందీలో అడిగింది.

అక్క హిందీ బజారు హిందీ. అయినా ధాటిగా మాట్లాడేది. "మేడమ్‌జీ, ఓ ఫ్యాక్టరీ కా..." అని మొదలుపెట్టింది.

ఆ రెండు మూడు క్షణాల్లో నాకు ఏమేం తోచాయో ఇప్పటికీ వరసగా చెప్పగలను. ధూళి అంటే ఈ చోటు పనికిరాదని రాస్తుంది. చోటు ఎప్పటికీ మారదు, కాబట్టి సమూహం పని శాశ్వతంగా అయిపోయినట్టే. పైగా ఫ్యాక్టరీ ధూళి అని ప్రభుత్వ కాగితం మీద పడితే, అది పదకొండుమంది భర్తలు పనిచేసే చోటు మీద ఫిర్యాదు అవుతుంది. అదే మా పొరపాటు వల్ల అయిన నలుపైతే దిద్దుకోవచ్చు. గుడ్డ మూలన అక్క పెట్టిన బొగ్గుముక్క, ఎండుమిరపకాయ కనిపించాయి. వడియాలకు దిష్టి తగలకుండా మావాళ్లు పెడతారు. మా అమ్మా పెట్టేది.

"బొగ్గు, మేడమ్," అన్నాను. నా హిందీ శుభ్రమైన హిందీ. "దిష్టి కోసం బొగ్గు పెట్టడం మా ఆచారం. గాలికి ఆ పొడి చెదిరినట్టుంది. ఇకమీద పెట్టం."

అక్క నా వైపు చూసింది. నోరు మూసుకుంది. అయస్కాంతం ఆమె చేతిలోనే ఉంది. కొంగు కింద పెట్టుకుంది.

అధికారి బొగ్గుముక్కను చూసింది, మిరపకాయను చూసింది. కోప్పడలేదు. కొంచెం నవ్వింది కూడా. పుస్తకంలో ఏదో రాసుకుంది. పది రోజుల తర్వాత కాగితం వచ్చింది. తినే వస్తువు తయారుచేసే చోట మూఢాచారాలు పాటిస్తున్నారు, శుభ్రత మీద అవగాహన లేదు, ఈ ఏడాదికి పరిశీలించలేము అని అందులో ఉంది. ఆ కాగితాన్ని పదకొండుమందికీ హిందీలో చదివి వినిపించింది నేనే. అక్కకు తెలుగులో మళ్లీ చెప్పబోతే, "తెలిసినాది లే," అంది.

సరఫరా ఆరంగ్ దగ్గరి ఒక పల్లె సమూహానికి వెళ్లింది. బొగ్గు ఏరే ముగ్గురూ అదే పనిలో ఉండిపోయారు. ఐదో నెల ఆమె ఎనిమిదో నెలదాకా వెళ్లింది. బిడ్డ బాగానే పుట్టింది. అది చెప్పకపోతే ఇంకేదో జరిగిందనుకుంటారు కాబట్టి చెప్తున్నాను.

అక్క నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. పది పదిహేను రోజులు అవసరమైన మాటలే మాట్లాడింది. నీళ్లొచ్చాయి, గ్యాసు అయిపోయింది, పాలవాడొచ్చాడు. ఒక మధ్యాహ్నం నేను గిన్నెలు తోముతుంటే పక్కన వచ్చి కూర్చుంది.

"నాకు సదువు రాదు," అంది. "ఆ మేడమ్‌కి ఏటి సెప్తే ఏటి రాసుకుంటాదో నాకు తెలీదు. నీకు తెలుస్తాదనుకున్నాను. అందుకే నోరు మూసుకున్నాను. తెలీదన్నమాట నీక్కూడా."

"తెలీదక్కా."

"మరి అంత జోరుగా సెప్పేసినావేటి?"

నేను గిన్నె తోముతూనే ఉన్నాను. ఆమె లేచి వెళ్లిపోయింది.

రెండు నెలల తర్వాత ఆరంగ్ నుంచి పిలుపొచ్చింది. అక్కడివాళ్ల వడియాలు విరిగిపోతున్నాయి, మీ అధ్యక్షురాలు ఒకసారి వచ్చి నేర్పగలరా అని. మా వీధి ఆడవాళ్లకు కోపం వచ్చింది. మన నోటి దగ్గరిది తీసి వాళ్లకిచ్చి, మళ్లీ మననే నేర్పమంటారా అన్నారు. "ఆళ్లూ మనలాటోళ్లే. ఆళ్లేటి సేసినారు మనల్ని?" అని అక్క బయల్దేరింది. నేను తోడు వెళ్లాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, దారంతా ఒడిలో పెట్టుకున్న మినప్పప్పు మూట మీద చేతులు వేసుకుని ఉంది.

అక్కడ ఒక బడి వెనక ఖాళీ స్థలంలో వడియాలు పెట్టారు. అక్క పప్పు నానబోయడం దగ్గర్నుంచి చూపించింది. కాయ నీరు ఎంత పిండాలో, పిండి ఎంత రుబ్బాలో చెప్పింది. చేత్తో చెప్పింది, భాషతో పనిలేదు. సాయంత్రం బస్సు వేళకు ఆమె వెళ్లి పరిచిన గుడ్డ అంచును ఎత్తి చూసింది. పొద్దుట్నుంచీ పరిచి ఉన్న గుడ్డ. తెల్లగానే ఉంది. అరచేత్తో దాన్ని ఒకసారి తుడిచి, అరచెయ్యి చూసుకుని, చెప్పులేసుకుంది.

అధికారి కూడా ఆ రోజు వచ్చింది. నన్ను గుర్తుపట్టింది. నాలుగు మాటలు మాట్లాడి, "మీ వడియాలే బాగుంటాయి, ఏం చేస్తాం. ఫ్యాక్టరీ ధూళి పడే చోట ఉన్న సమూహాలకు ఆరబెట్టే యంత్రాలు ఇచ్చే పథకం ఒకటుంది. పైన అద్దం, లోపల పళ్లేలు, ఎండతోనే పనిచేస్తుంది. మీ ఇబ్బంది ధూళే అయ్యుంటే అప్పుడే రాసేదాన్ని. మీది బొగ్గు అన్నారుగా," అంది.

ఆమె మామూలుగానే అంది. నేనూ మామూలుగానే తలూపాను. అక్క అప్పటికే బస్సు వైపు నడుస్తోంది, వినలేదు.

తిరుగు బస్సులో చెప్పలేదు. ఆ వారమూ చెప్పలేదు. పథకం ఉన్నా మనదాకా వచ్చేది కాదులే అని నాకు నేను చెప్పుకున్నాను. చెప్తే బాధపడుతుందిలే అనుకున్నాను. ఇవి రెండూ నన్ను కాపాడుకోవడానికి చెప్పుకున్నవని తెలుసు. మెట్ల మీద ఆమె అడుగుల చప్పుడు వింటే పుస్తకం తెరిచి పెట్టుకునేదాన్ని. దాదాపు నెల గడిచాక ఒక ఆదివారం మేడమీద బట్టలు ఆరేస్తున్నప్పుడు చెప్పేశాను. మొత్తం చెప్పాను.

ఆమె చేతిలో తడి దుప్పటి ఉంది. దాన్ని పిండి, దులిపి, దండెం మీద వేసి, అంచులు సరిచేసింది.

"ఇప్పుడు రాస్తే ఇస్తారేటి?" అంది.

నేను మళ్లీ కార్యాలయానికి వెళ్లి కనుక్కున్నాను. ఇస్తారు. కానీ ధూళి ఇబ్బంది ఉందని సమూహంలోని పదకొండుమందీ సంతకాలు పెట్టిన దరఖాస్తు కావాలి. ఒక్కరు తగ్గినా తీసుకోరు. దరఖాస్తు ప్రతి కాలుష్యం సంగతి చూసే కార్యాలయానికీ వెళ్తుంది. అక్కణ్నుంచి ఎక్కడెక్కడికి వెళ్తుందో గుమాస్తా చెప్పలేదు, నేనూ అడగలేదు.

దరఖాస్తు రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఏ ఫ్యాక్టరీ పేరూ రాయలేదు. చుట్టుపక్కల నుంచి వచ్చే నల్లటి ధూళి అని మాత్రమే రాశాను. నాకు దానివల్ల పోయేదేమీ లేదు. నా భర్త రైల్వేలో ఉన్నాడు, దరఖాస్తు మీద నా సంతకమే ఉండదు. అది రాస్తున్నంతసేపూ ఇదే తోచింది. నిజం చెప్పమని పదకొండుమందిని అడుగుతున్నది, నిజం చెప్పినా ఏమీ కాని మనిషి.

అక్కా నేనూ ఇంటింటికీ తిరిగాం. పక్క వీధి చిన్నావిడ అందరికంటే ముందు సంతకం పెట్టింది. "హమర్ ఘర్ మ త చాయ్ మ ఘలో ధుర్రా హే, దీదీ," అంది. మా ఇంట్లో టీలో కూడా ధూళే అని. "టీ తాగుతున్నాం కదా, సంతకానికేం!" ఒకామె భర్తను అడిగి చెప్తానంది. మూడుసార్లు వెళ్లాక, భర్త ఇంట్లో లేని వేళ చూసి వేలిముద్ర వేసింది. ఒకామె తలుపు తీయలేదు. లోపల రేడియో మోగుతోంది. అక్క గుమ్మం మీద కూర్చుంది.

"తియ్యకపోతే పోనీలే. నానిక్కడ కూకుంటాను. నువ్వు బయటికి రాకుండా ఎన్నాళ్లుంటావో సూస్తాను," అని తెలుగులోనే గట్టిగా అంది. లోపలి ఆమెకు తెలుగు రాదు. అయినా తలుపు తీసింది.

అలా పదిమందివి అయ్యాయి. ఆఖరిది అక్కది.

అప్పటికి వీధిలో అందరికీ తెలిసిపోయింది. ఠేకేదారుకూ తెలిసింది. ఆయన బావగారితో గట్టిగా ఏమీ అనలేదట. మీ ఇంట్లో పెద్ద కాగితాలు నడుస్తున్నాయటగా అని నవ్వుతూ భుజం తట్టాడట. ఆ రోజు రాత్రి భోజనం దగ్గర బావగారు ఈ మాట చెప్పారు. నేను కూర వడ్డిస్తున్నాను. మా ఇళ్లలో బావగారు మరదలితో ఎదురుగా మాట్లాడరు. ఆయన అక్కతోనే అన్నారు.

"మీ సెల్లిని అడుగు. కాయితం మీద ఫ్యాక్టరీ పేరు రాసినాదేటని."

"రాయలేదు," అన్నాను.

"రాయకపోతే మాత్రం ఏటి? ఈ ఊర్లో నల్ల దుమ్ము ఎక్కడిదో గొడ్డునడిగినా సెప్తాది." ఆయన అన్నం కలుపుతూ ఉండిపోయారు. సంతకం పెట్టమనలేదు, వద్దనలేదు.

మర్నాడు పొద్దున దరఖాస్తు అక్క ముందు పెట్టాను. పది గుర్తులు, కింద ఖాళీ గీత. ఆమె కలం పట్టుకుంది. నాకు భయం వేసింది. బావగారికి అప్పటికి యాభై దాటాయి. ఆ వయసులో బయటికి వస్తే ఇంకో గేటు ఎవరూ తెరవరు. మా జీతాలతో వాళ్లను చూసుకోగలం. కానీ చూసుకోబడటం ఆ ఇద్దరికీ ఎలా ఉంటుందో నాకు తెలుసు.

"చించేద్దాం అక్కా," అన్నాను. "ఈ ఏడు కాకపోతే ఇంకో ఏడు. ఇంకో దారి ఏదైనా చూద్దాం."

ఆమె తలెత్తింది. "ఒకసారి నా నోట్లో మాట లాగేసుకున్నావు. మళ్లీ లాగకు," అంది.

ఆ మాటలో కోపం లేదు. తర్వాత సంతకం పెట్టింది. ఆమెకు తన పేరు తెలుగులోనే రాయడం వచ్చు. హిందీ కాగితం మీద, పది గుర్తుల కింద, పెద్ద పెద్ద తెలుగు అక్షరాలు. బావగారు వాకిట్లో సైకిలు గొలుసుకు నూనె వేస్తున్నారు. అప్పటికే వేసిన గొలుసు. మళ్లీ వేస్తున్నారు.

దరఖాస్తు ఇచ్చిన తర్వాత రెండు వారాలు ఏమీ జరగలేదు. నెల మారింది. పాసు మీద ముద్ర పడే రోజు బావగారు పొద్దుట షిఫ్టుకు వెళ్లారు. నేను బడికి సెలవు పెట్టాను, కారణం ఎవరికీ చెప్పలేదు. అక్క వాకిట్లో బియ్యం చెరుగుతోంది. చెరిగిన బియ్యాన్నే మళ్లీ చెరుగుతోంది. పది గంటలకు సైకిలు బెల్లు వినిపించింది. ఆయన క్యారియరు దింపారు. అక్క అందుకుంది. బరువుగా ఉంది, తినలేదు.

"మనుషులు ఎక్కువైపోనారట," అన్నారు బావగారు. "మళ్లీ కబురెడతాడట."

మిగతా పదిమంది భర్తల పాసుల మీద ముద్రలు పడ్డాయి. దరఖాస్తు వల్లే ఇలా అయిందని నేను చెప్పలేను. కాదనీ చెప్పలేను. కబురు రాలేదు. ఏడాదిన్నర తర్వాత ఆయన ఒక గోదాములో కాపలా పనికి కుదిరారు.

వానలు వెళ్లాక యంత్రం వచ్చింది. నులక మంచం అంత ఉంటుంది. అద్దం మీద ధూళి పడితే ఎండ లోపలికి పోదు, కాబట్టి రోజూ రెండుసార్లు తుడవాలి. ఖాళీగా ఉన్నన్నాళ్లూ బావగారే తుడిచారు. మరుసటి ఏడు సరఫరాలో సగం మా సమూహానికి వచ్చింది, సగం ఆరంగ్ వాళ్లకే ఉంచారు. బొగ్గు ఏరే ముగ్గురిలో ఇద్దరు మానేశారు. మూడో ఆమె కుటుంబం అప్పటికే ఊరు విడిచి వెళ్లిపోయింది.

అక్క ఊపిరితిత్తుల జబ్బుతో పోయింది. దేనివల్ల వచ్చిందో డాక్టరు రాయలేదు. నాకూ తెలియదు కాబట్టి నేనూ రాయను. మంచంలో ఉన్నప్పుడు కూడా, ఈ వాయికి నీరు సరిగ్గా పిండలేదని మేడమీది ఆడవాళ్లను కింద నుంచే కేకేసేది. కేక మధ్యలో ఆగిపోయేది.

సమూహం ఇప్పుడూ ఉంది. ఆ చిన్నావిడే అధ్యక్షురాలు. మొన్న కార్యాలయం వాళ్లు ఒక ఫారం పంపారు. మొదట్నుంచీ ఉన్న ప్రతి సభ్యురాలి కుటుంబం నుంచీ నింపించాలట. చనిపోయినవాళ్ల తరఫున ఇంట్లోవాళ్లు చెప్పాలి. నాలుగో ప్రశ్న ఇది: ఈ పథకంలో చేరాక మీ కుటుంబం పరిస్థితి మెరుగుపడిందా? పక్కన రెండు గడులు, అవును, కాదు. వేరే ఏమీ రాయడానికి చోటు లేదు.

బావగారు కుర్చీలో కూర్చున్నారు. నేను ప్రశ్నను తెలుగులో చెప్పి, కలం ఆయనకే ఇచ్చాను. ఆయన అద్దాలు పెట్టుకుని, తనకు రాని ఆ హిందీ అక్షరాల వైపు చాలాసేపు చూశారు.

"మళ్లీ సదువమ్మా," అన్నారు.

చదివాను.